విమానం దారికి అడ్డం వేసిన దుంగ

మొన్న పొద్దున మా కోళ్ళన్నీ ఒక్కసారిగా మంచం కిందికి దూరాయి. గద్ద వచ్చిందేమోనని చేట పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. గద్ద కాదు. తుమ్మెదలా జుంయ్‌మని మోగుతూ, నాలుగు మూలలా రెక్కలు తిప్పుకుంటూ నల్లటిదొకటి మా మైదానం మీద తిరుగుతోంది. దాన్ని డ్రోన్ అంటారని నాకు తెలుసు. పెద్ద మనవరాలి పెళ్ళిలో చూశాను కూడా. తెలిసి ఏం లాభం? చేట ఎక్కడ పడేశానో, చూరు కిందికి ఎప్పుడు వెళ్ళానో, నెత్తి మీద చేతులు ఎప్పుడు పెట్టుకున్నానో నాకే తెలియదు. చిన్న మనవరాలు బయటికొచ్చి నన్ను చూసి, "ఏటే అమ్మమ్మా, నువ్వూ కోళ్ళలో కలిసిపోనావేటి?" అని నవ్వింది.

మైదానం నడిమధ్యన నా తమ్ముడొక్కడే మెడ వెనక్కి వాల్చి, నోరు తెరిచి, దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ముసలివాడైనా వాడికి ఆకాశం అంటే ఇప్పటికీ సరదాయే. భయమంతా నా వంతుకే వచ్చింది.

ఆ డ్రోన్ తాలూకు కుర్రాళ్ళు జీపులో వచ్చారు. మూడు కాళ్ళ దాని మీద గాజు కన్ను బిగించి మైదానాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి చూస్తున్నారు. ఇక్కడ మళ్ళీ చిన్న విమానాశ్రయం కట్టొచ్చా అని చూడమన్నారట. అరకు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఘాటు రోడ్డు మలుపుల్లో వాంతులు చేసుకోకుండా నేరుగా పైనుంచే దిగుతారట. వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న అబ్బాయి మా అరుగు మీద కూర్చుని, టీ తాగుతూ అడిగాడు. "ఇదివరకు ఇక్కడ ఏమేం ఉండేవి అమ్మమ్మా?"

షెడ్డు ఉండేదని చెప్పాను. బల్ల ఉండేదని, గాలి సంచి ఉండేదని చెప్పాను. అతను ఇంకో గుక్క తాగి, "అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను. అంతే కాదు. కానీ టీ చల్లారే లోపల చెప్పేది కాదు అది.

మా నాన్న కింద ఊళ్ళ మనిషి. విమానాల మైదానానికి కావలి ఉద్యోగం దొరికిందని మమ్మల్ని తీసుకుని కొండెక్కాడు. అమ్మ చంకలో తమ్ముడు, నా నెత్తి మీద చేట, చేటలో రుబ్బురోలు పొత్రం. హుకుంపేట సంత దగ్గర దిగి అడవి దారిలో నడిచి వచ్చాం. ఊరికి సరైన బాట లేదు. కాలినడకన వచ్చేవాళ్ళు అడవిలోంచి వస్తారు. జీపు వస్తే మాత్రం ఆ మైదానం మీదుగానే రావాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పని పడుతుంది.

మైదానం అంటే చదును చేసిన ఎర్ర నేల. రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు. ఒక చివర ఇనప స్తంభానికి ఎరుపూ తెలుపూ చారల గాలి సంచి. గాలి లేనప్పుడు అది చచ్చిన కోడి మెడలా వేలాడేది, గాలొస్తే ఎవరో లోపల దూరినట్టు ఉబ్బేది. రేకుల షెడ్డుని అందరూ ఆఫీసు అనేవారు. అందులో ఒక పొడుగు బల్ల, కొక్కేలకు వేలాడే ఎర్ర ఇసక బకెట్లు, ఓ మూల పెట్రోలు పీపాలు, తాళం వేసిన వైర్‌లెస్ గది, గుమ్మం పక్కన ధాన్యం తూచే లాంటి పెద్ద కాటా. పెట్రోలు వాసన, షెడ్డు వెనక నిమ్మగడ్డి వాసన కలిసి ముక్కులోకి పోయేవి. ఇప్పటికీ ఎవరైనా మోటార్ సైకిల్‌కి పెట్రోలు పోస్తుంటే నాకు నిమ్మగడ్డి గుర్తొస్తుంది.

కొండల్లో రాళ్ళు ఏరి పరీక్ష చేసే సర్వే వాళ్ళ కోసం అప్పుడప్పుడూ ఒక చిన్న విమానం వచ్చేది. వర్షాలు తగ్గాక మొదలై, మళ్ళీ వర్షాలు పడేదాకా. వస్తున్నట్టు వైర్‌లెస్‌లో ముందే కబురొచ్చేది. అది వచ్చి పైన ఒక చుట్టు తిరిగేది. నాన్న ఆవుల్ని తోలేసి, షెడ్డు వెనక గోనె కప్పి ఉంచిన ఎండుగడ్డి కుప్పకి నిప్పు పెట్టి, మీద పచ్చాకు వేసేవాడు. పొగ లేచిందంటే కింద నేల ఖాళీగా ఉందని అర్థం. పొగ లేకపోతే దిగరు. నాన్న ఉద్యోగమంతా ఆ పొగలోనే ఉండేది.

సున్నం రాళ్ళ వరసలో ఒకటి రాయి కాదు, ఊరి దేవత. మైదానం చేసినప్పుడు తెల్లవాళ్ళు ఆవిడను పక్కకి జరిపారట. నాన్నకి ఆ సంగతి తెలియక వచ్చిన వారంలోనే ఆవిడకీ సున్నం కొట్టేశాడు. ఊళ్ళో ఆడవాళ్ళు తెల్లారి వచ్చి కడిగి పసుపు రాశారు. నాన్న మళ్ళీ సున్నం కొట్టాడు, వాళ్ళు మళ్ళీ కడిగారు. చివరికి ఒక అవ్వ వచ్చి, "ఇటు పక్క నీది, అటు పక్క మాది" అని తీర్పు చెప్పింది. అప్పట్నుంచీ దేవత మైదానం వైపు తెల్లగా, ఊరి వైపు పచ్చగా ఉండేది.

ఆ అవ్వ ఇల్లు మా ఇంటి పక్కనే. ముక్కుకి మూడు పోగులు, చేతుల నిండా పచ్చబొట్లు. చుట్ట కాల్చేటప్పుడు నిప్పు వైపు నోట్లో పెట్టుకునేది. ఆమె మాట్లాడుతుంటే పళ్ళ సందుల్లోంచి పొగ వచ్చేది. నాకూ తమ్ముడికీ రోజూ చోడి అంబలి పోసేది ఆవిడే. మామిడికాయ కారం నంచుకుని, దొప్పలో అంబలి తాగుతూ, ఆమె చెప్పేవన్నీ వినేవాళ్ళం.

"ఇది మా సామ సేను" అని మొదలుపెట్టేది. "తెల్లోళ్ళ యుద్ధమప్పుడు మా ఊరోళ్ళ సేతే సదును సేయించినారు. నా మొగుడు రాతి గుండు లాగినాడు, గేదెలు ఒక పక్క, మనుసులు ఒక పక్క. ఎంత లాగినా ఆ మూల మాత్రం కుంగిపోయీది. గేదెని బలిచ్చినారు. నేల ఒప్పుకోలేదు. పిల్ల తలకాయ అడిగినాది."

"ఇచ్చినారేటి?" అన్నాను.

"నాను సూడలేదు" అంది అవ్వ. చుట్ట తిప్పి, పొగ వదిలి, "కుంగడం మాత్రం ఆగినాది" అంది.

తమ్ముడికి ఇదేమీ అర్థమయ్యే వయసు కాదు. దొప్ప నెత్తిన బోర్లించుకుని నవ్వాడు. నాకు ఆ రోజు అంబలి దిగలేదు. గాలి సంచి ఎందుకు పెట్టారో అప్పుడు నాకు తెలిసినట్టయింది. పిల్లల్ని అందులోనే పెడతారు.

భయం ఉంటే అల్లరి మానేస్తామా? నాన్న మధ్యాహ్నం తొంగున్నప్పుడు ఇద్దరం ఆఫీసులో దూరి కాటా ఎక్కేవాళ్ళం. కోడిపెట్టని తూచాం. మేకపిల్లని తూచాం, అది కాటా మీదే పెంటికలు వేసింది. నాన్న లేచి లాఠీ కర్ర నేలకేసి కొట్టేవాడు. "అది మనుసుల్ని తూసేది, మీ కోళ్ళని కాదు" అనేవాడు. విమానం చిన్నది కాబట్టి ఎక్కేవాళ్ళని సామానుతో సహా తూస్తారని ఆయన ఉద్దేశం. నేను వెళ్ళి అవ్వనడిగాను.

"సంతలో మేకని ఎందుకు తూత్తారు? కొనడానికే కదేటి" అంది.

తమ్ముడికి జ్వరం వచ్చింది ఎండలు మొదలైనప్పుడే. కొండ జ్వరం మామూలే, రోజు విడిచి రోజు వణికిస్తుంది, పోతుంది. ఇది పోలేదు. వాడికొక అలవాటుండేది. నిద్రొస్తే నా చెవి తమ్మె రెండు వేళ్ళతో పట్టుకుని నలుపుతూ పడుకునేవాడు. జ్వరంలోనూ పట్టుకున్నాడు. ఆ వేళ్ళు అట్లకాడలా కాలేవి. నాలుగో రోజు పొద్దున ఆ వేళ్ళు వదిలేశాయి. కళ్ళు పైకి తిరిగిపోయాయి, ఒళ్ళు విల్లులా వంగింది. ఊరి గురువు వేపమండలతో దిగదుడిచాడు. అవ్వ కోడి తిప్పింది. అమ్మ ఏడవలేదు, వాడి నోట్లో గరిట కాడ అడ్డం పెట్టి పట్టుకుని కూర్చుంది.

ఆ వేళ సర్వే వాళ్ళ విమానం మైదానంలోనే ఉంది. దాన్ని నడిపే ఆయన, సిగరెట్టు వాసన వేసే పెద్ద మనిషి, మా గుమ్మంలోకి వంగి చూసి నాన్నతో అన్నాడు.

"బండిలో తీసుకెళితే దారిలోనే పోతాడు. నేను తీసుకెళతాను. పెద్దవాళ్ళు ఒక్కరే రావాలి. ఎవరు తేలికుంటే వాళ్ళు."

నాన్న కాటా ఎక్కాడు. విమానం నడిపే ఆయన ఇనప కడ్డీ మీద గుండు జరిపి తల అడ్డంగా ఊపాడు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని ఎక్కింది. గుండు వెనక్కి జరిగింది, ఇంకా జరిగింది, ఆగింది. "సరే" అన్నాడు.

నేను అమ్మ చీర పట్టుకుని వేలాడాను. "తూయొద్దు, అమ్మా, దిగిపో. కొనేత్తారు" అని అరిచాను. ఎవరికీ నా మాట అర్థం కాలేదు, అవ్వకు తప్ప. అవ్వ మొహం తిప్పుకుంది. నాన్న నన్ను చంకలో ఇరికించుకున్నాడు. బస్సు కూడా సరిగ్గా ఎక్కని మా అమ్మ, వాడిని గుండెకి హత్తుకుని ఆ చిన్న తలుపులోంచి లోపలికి దూరింది. ఆమె చేతి మీదుగా వాడి ఒక పాదం బయటికి వేలాడింది, దిష్టి తాడుతో. తలుపు పడింది. ఆ రెక్క గాలికి దుమ్ము లేచి కళ్ళలో పడింది. కళ్ళు నులుముకుని చూసేసరికి మైదానం ఖాళీగా ఉంది.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. నాన్న వండిన సామన్నం మాడు వాసన వేసేది. "బాగున్నాడంట, వైర్‌లెస్‌లో సెప్పినారు" అనేవాడు నాన్న, గోళ్ళలో సున్నం గీక్కుంటూ, నా వైపు చూడకుండా. "మరెప్పుడొత్తాడు?" అంటే, "వత్తాడు" అనేవాడు. పెద్దవాళ్ళు నా మొహం చూడకుండా చెప్పిన మాట నేను ఏనాడూ నమ్మలేదు.

అంతలో జీపులో మేస్త్రీలు వచ్చారు. వానలకి దెబ్బతిన్న మూలన తవ్వి, రాయి పోసి, సిమెంటు వేశారు. అవ్వ చెప్పిన మూలే అది. వాళ్ళు వెళ్ళాక నేనొక్కదాన్నే అంత దూరమూ నడిచి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. మైదానం మీద పిట్ట లేదు. సిమెంటు ఇంకా తడి వాసన వేస్తోంది. పైన ఎండకి వెచ్చగా ఉంది, మనిషి ఒళ్ళులా. మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆన్చాను.

లోపల దబ్‌దబ్‌మని వినిపించింది.

ఎలా పరిగెత్తానో తెలియదు. అవ్వ చింతపండు గింజలు తీస్తోంది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వి, నీ గుండెకాయ చప్పుడేనే పిచ్చిదానా అంటుందనుకున్నాను. ఆమె చేతిలో రాయి కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని, మైదానం చివరిదాకా వచ్చింది. నడుం పట్టుకుని కష్టంగా వంగి, తానూ చెవి పెట్టింది. ముక్కు పోగులు సిమెంటుకి తగిలి టిక్కుమన్నాయి. చాలాసేపటికి లేచింది.

"నాకేటీ ఇనపడలేదు" అంది. తరవాత అంది. "నా సెవులు ముసలివి."

చైత్రం వచ్చింది. ఇటుకల పండుగ. ఆ పండుగకి మా కొండల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి పోవాలి. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కొడతారు. వాళ్ళు అడవిలో ఉన్నంతసేపూ ఆడవాళ్ళు బాటకి అడ్డంగా దుంగ వేసి, పాటలు పాడుతూ, వచ్చేపోయే వాళ్ళని ఆపుతారు. పొగాకో, గుప్పెడు గింజలో, చిల్లరో ఇచ్చి దాటాలి. ఇవ్వడానికి ఏమీ లేనివాళ్ళు వాళ్ళతో చేతులు కలిపి ఒక చుట్టు ఆడాలి. పండుగలో అందరికీ ఇష్టమైన భాగం అది. కానీ మా ఊళ్ళో దాని కింద ఒక భయం ఉండేది. ఒకసారి వేసిన దుంగని ఊరికే తీయకూడదు. ఊరికే తీస్తే అడవిలో ఉన్న మగవాళ్ళ మీదికి కీడు వస్తుంది.

నాన్న వేటకి వెళ్ళేవాడు కాదు. ఇంటి ముందు కూర్చుని ఉంటే ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు.

"ఏటి కావలి బావా, ఇమానం గుడ్డెట్టిందేటి? పొదుగుతన్నావు?"

"మొగోళ్ళందరూ పోనారు. ఊళ్ళో నువ్వూ పుంజులూ మిగిలినారు."

"ఒగ్గేయండే పాపం. కిందోడు. ఎలుగుని సూత్తే సలాం సేత్తాడు."

అమ్మా తమ్ముడూ వెళ్ళాక నాన్న నవ్వడం అదే మొదటిసారి చూశాను. వైర్‌లెస్ చూసే అతను తన ఊరు వెళ్ళాడు, గదికి తాళం. విమానం వస్తుందన్న కబురేమీ లేదు. నాన్న లాఠీ కర్ర తీసుకుని లేచాడు. "అవ్వ దగ్గిరుండు. బేగొచ్చేత్తాను" అన్నాడు. అలా మా నాన్న కూడా అడవిలోకి పోయాడు.

ఆడవాళ్ళు బాట కోసం చూశారు. మా ఊరికి జీపు వచ్చే బాట ఏది? మైదానమే. అందుకని మద్ది దుంగల్ని మోసుకొచ్చి, ఒకటి చాలక ఒకదాని పక్కన ఒకటి పరిచి, ఈ సున్నం రాయి నుంచి ఆ సున్నం రాయి దాకా అడ్డం వేశారు. ఆ బాట మీద ఏం దిగుతుందో వాళ్ళందరికీ తెలుసు. ఆ రోజు ఎవరికీ తట్టలేదు. పండుగ అది. పక్కనే పొయ్యి పెట్టి సామన్నం వండారు. వలిసె నూనె రాసుకున్న తలలు ఎండకి మెరుస్తున్నాయి. పచ్చి మామిడి ముక్కలు ఉప్పూ కారం అద్ది నా చేతిలో పెట్టారు. జీపు రాలేదు. జీపులో వచ్చేవాడి చేత ఎలాంటి ఆట ఆడించాలో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు.

అప్పుడు కొండ అవతల నుంచి చప్పుడు వినిపించింది.

చప్పుడు పెరిగింది. కొండల మధ్య సందులోంచి విమానం బయటపడింది. దాని వెనకే, ఎవరో తలుపు మూసినట్టు, నల్లమబ్బు ఆ సందుని పూడ్చేసింది. చైత్రంలో మా దగ్గర మధ్యాహ్నం వానలు అలాగే వస్తాయి. వచ్చిన దారి పోయింది. విమానం పైన తిరగడం మొదలుపెట్టింది. పొగ కోసం.

పొగ లేకపోతే దిగదు. పొగ వేస్తే దుంగల మీద దిగుతుంది. రెండూ నాకు తెలుసు. కావలివాడి కూతుర్ని కదా.

"అవ్వా, దుంగ తీసేయే. అందులో మా అమ్మ ఉన్నాది. తమ్ముడున్నాడు."

"నీకెవలు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ క్షణం వరకూ వాడు సిమెంటు కింద ఉన్నాడనే నమ్మాను. ఆ చప్పుడు విన్నాక పైన ఉన్నాడని నమ్మాను. అవ్వ ఆకాశం వైపు చూసింది, అడవి వైపు చూసింది.

"ఊరికే తీయకూడదే గుంటా. అడవిలో నా కొడుకున్నాడు. మీ నాన్నా ఉన్నాడు. ఊరికే తీత్తే ఎలుగు ఎదురొత్తాది."

"ఇమానానికేటి సుంకం? అదేటి మనిసా?" అంది వెనక నుంచి ఒకామె.

"లోపల కూకున్నోళ్ళు మనుసులు కారేటి?" అంది ఇంకొకామె.

"ఎవలో ఒకలు ఇవ్వాల. ఇచ్చినోళ్ళకే దారి."

"నానిత్తాను" అన్నాను.

"నీ కాడ ఏటున్నాది?"

నా చేతిలో కొరికిన మామిడి ముక్క ఉంది. గౌను జేబు చిరిగిపోయింది. చెవులకి వేపపుల్లలు. విమానం ఇంకో చుట్టు తిరిగి కిందికి వచ్చింది. అవ్వ నా భుజం పట్టుకుంది.

"ఏటీ లేనోళ్ళు ఆడాల" అంది. "ఆళ్ళ తరపున నువ్వాడు. బేగి."

నేనూ తమ్ముడూ ఆ ఆట వెక్కిరిస్తూ ఎన్నిసార్లు ఆడామో. కుడికాలు ముందుకి, వెనక్కి, పక్కకి, ఒంగి లేవడం. ఆడవాళ్ళు రెండు పక్కలా నా నడుం వెనక నుంచి చేతులు వేసి బిగించారు. వాళ్ళ చేతులు చల్లగా చెమట పట్టి ఉన్నాయి. పాట మొదలుపెట్టారు. పాట కాదది, ఏడుపులా ఉంది. పైకి చూడకుండా అందరి పాదాలే చూస్తూ తిరిగాను. దుమ్ము, కడియాలు, పగిలిన మడమలు. చుట్టు సగమైంది. విమానం బాగా కిందికి వచ్చింది, దాని నీడ బెదిరిన గేదెలా మా మీద నుంచి పరిగెత్తింది. నా కాళ్ళ వెంట వెచ్చగా కారింది.

"సాలు" అని అవ్వ అరిచింది. "ఆడేసినాది. తీయండే, బేగి."

చేతులు విడిపోయాయి. అందరూ దుంగల మీద పడ్డారు. నేను పొయ్యిలోంచి కొరివి లాగి షెడ్డు వెనక్కి పరిగెత్తాను. గోనె లాగేశాను. గడ్డి అంటుకుంది. పచ్చాకు వేశాను, చేతులు కాలినా తెలియలేదు. పొగ తెల్లగా, లావుగా లేచింది. ఆ చివరి సిమెంటు ముక్క మీదే విమానం చక్రాలు ఆన్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అవ్వ చివరి దుంగని లాగుతూ వెల్లకిలా పడి ఉంది, విమానం ఆమెకి నాలుగు బారల అవతల ఆగి వణుకుతోంది. మొదటి చినుకులు పడ్డాయి.

అమ్మ దిగింది. ఆమె చంకలో ఎవరో పిల్లాడు. గుండు. పుల్లల్లాంటి కాళ్ళు. కళ్ళు మాత్రం పెద్దవి. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచాను. ఆ పిల్లాడు చూడలేదు. పక్కనే నిలబడి గట్టిగా పిలిచాను. గాలి సంచి వైపు చూస్తున్నాడు. మార్చేశారు అనుకున్నాను. వాణ్ణి ఉంచేసుకుని వేరే ఎవరినో తూచి ఇచ్చారు. అమ్మకి తెలియడం లేదు. నేను వెనక్కి, వెనక్కి నడిచాను. అమ్మ వచ్చి ఆ పిల్లాడిని నా చేతుల్లో పెట్టేసింది. బరువే లేడు. వాడు నా భుజం మీద తల వాల్చి, చెయ్యి చాపి, రెండు వేళ్ళతో నా చెవి తమ్మె పట్టుకున్నాడు.

అప్పుడు ఏడ్చాను.

సాయంత్రానికి మగవాళ్ళు వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ దొరకలేదు కూడా. ఎంత గండం గడిచినా ఆడవాళ్ళు పేడనీళ్ళు మాత్రం మానలేదు. నాన్న తల నుంచి కాలి దాకా కారుతూ గుమ్మంలోకి వచ్చి, అమ్మని చూసి, అలాగే నిలబడిపోయాడు.

"పేనం దక్కినాది" అంది అమ్మ. "సెవులు ఎల్లిపోనాయి."

నాన్నకి అర్థం కాలేదు. వాడి వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. లాఠీ కర్ర ఎత్తి నేలకేసి ఒక్కటి కొట్టాడు. తమ్ముడు గిర్రున వెనక్కి తిరిగాడు. నాన్న మొహం వెలిగిపోయింది.

"నేల అదిరినాది. అందుకే తిరిగినాడు" అంది అమ్మ.

జ్వరం మెదడుకి ఎక్కితే అలా అవుతుందనీ, అంత మందు పడకపోతే మనిషే దక్కడనీ డాక్టర్లు చెప్పారట. అది నిజమే. కానీ ఆ రాత్రి నేను నిద్రపోయాననుకుని అవ్వ మా అమ్మ దగ్గర కూర్చుని మెల్లిగా అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "సుట్టు పూర్తి కానివ్వలేదమ్మా మేము. సగంలో తీసేసినాం." నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

కొన్నేళ్ళకి సర్వే అయిపోయింది. విమానం రావడం మానేసింది. గాలి సంచిని ఎలకలు కొట్టేశాయి. రేకులు ఒకటొకటే ఊళ్ళో ఇళ్ళ మీదికి వెళ్ళాయి, మా వంటింటి మీద కూడా ఒకటుంది. కాటాని కాఫీ గింజలు కొనేవాడు పట్టుకుపోయాడు. మైదానం మీద మిరియాలు, పసుపు ఆరబెట్టాం. పిల్లలు సైకిళ్ళు నేర్చుకున్నారు. తమ్ముడు అక్కడే పెరిగాడు. నేలకి అరచెయ్యి ఆన్చి, ఎవరికీ వినపడకముందే జీపు వస్తోందని చెప్పేవాడు. పెద్దయ్యాక నాన్న లాఠీ కర్ర పట్టుకుని, ఎవరూ జీతమివ్వకపోయినా, రాళ్ళకి సున్నం కొట్టాడు. దేవతకి మాత్రం ఒక పక్కే. నాన్న లేడు, అమ్మ లేదు, అవ్వ ఎప్పుడో పోయింది. వాడి చెవుల సంగతి వాడు మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు.

మొన్నటిదీ చైత్రమే. ఆ కుర్రాళ్ళు డ్రోన్ పెట్టెలో పెట్టుకుని, జీపెక్కి బయల్దేరారు. మైదానం చివర మా ఊరి ఆడవాళ్ళు దుంగ వేసుకుని కూర్చున్నారు. కళ్ళజోడు అబ్బాయి కిందికి దిగి జేబులు తడుముకున్నాడు.

"నోట్లు లేవండీ. అంతా ఫోన్లోనే ఉంది" అన్నాడు.

"మా దుంగకి ఫోన్లేదు బాబూ. ఆడు" అంది మా మనవరాలు.

నవ్వులు. అతనూ నవ్వాడు. చేతులు కలిపాడు. రెండో కుర్రాడు ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. తమ్ముడు పక్కన నిలబడి, వాళ్ళ పాదాల వైపు చూస్తూ, పాట వినకుండానే, అడుగుకి సరిగ్గా చప్పట్లు కొడుతున్నాడు. ఆ అబ్బాయి బూట్లతో తడబడుతూ సగం చుట్టు తిరిగేసరికి ఎండ మండిపోతోందని ఎవరో జాలిపడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళు వంగి దుంగ ఎత్తబోయారు.

"తీయకండి" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో, పాట ఆగిపోయింది. అందరూ నా వైపు తిరిగారు. "ఏటైనాదే అమ్మమ్మా?" అంది మనవరాలు.

"పూర్తిగా ఆడనీండి. సుట్టు పూర్తి అవనీండి."

నవ్వులు లేవు. తమ్ముడి చప్పట్లు మాత్రం ఆగలేదు, వాడికి ఏం వినిపిస్తుంది? ఆ అబ్బాయి నా మొహం చూశాడు. ఏం కనిపించిందో, నవ్వు మానేశాడు. పాట లేకుండానే, ఆ చప్పట్లకి అడుగు వేస్తూ, మిగిలిన సగం తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు తీయమన్నాను.